నీళ్ళ కింది గుంజ

"మళ్ళీ చెప్పు," అన్నాడు ధ్రువ.

ఝునూ గుమ్మంలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. బడిలో పద్యం అప్పజెప్పినట్టు ఎదుటి గోడకేసి చూస్తూ చెప్పింది. "ఆ రోజు పెద్ద గాలి. గాలి తగ్గాక వెళ్తామన్నా వినకుండా గురుమా మమ్మల్ని తొందరగా పంపించేసింది. గాలికి నావ తిరగబడింది."

"గాలి తగ్గాక వెళ్దామని ఎవరన్నారు? అడుగుతారు."

"మేమే."

"మీరు కాదు, నేను. నావ నడిపేది నేను కదా. నేనన్నాను, ఆవిడ వినలేదు. మళ్ళీ చెప్పు."

అతని ఒళ్ళో వల ఉంది. చిరుగు దగ్గర ముడి వేస్తున్నాడు, బిగిస్తున్నాడు, కాసేపు దానికేసి చూసి కోసేసి మళ్ళీ వేస్తున్నాడు. పొద్దుటినుంచీ అదే చిరుగు. బగకుదా లంకలో ఎవరి వల చిరిగినా ధ్రువ దగ్గరికే తెస్తారు. మాట్లాడుతూ, నవ్వుతూ, వలకేసి చూడకుండానే అల్లేసే చెయ్యి అది.

"నాన్నా, ఆ రోజు గాలి లేదు కదా."

సూది ఆగింది. పొయ్యి దగ్గర తల్లి సాబి గరిట చప్పుడు కూడా ఆగింది.

"గాలి లేదని నాకు తెలీదా?" అన్నాడు ధ్రువ. గొంతు పెంచలేదు. "నీళ్ళు అద్దంలా ఉన్నాయి. మరి అద్దంలాంటి నీళ్ళలో నావెందుకు మునిగిందంటే ఏం చెప్తావు? గుంజ తగిలిందంటావు. గుంజ ఎవరు పాతారంటారు. అప్పుడేం చెప్తావు?"

ఝునూ కాలి బొటనవేలితో నేలమీది మట్టి గీకింది.

"అప్పుడు మీ నాన్నని స్టేషనుకి ఈడ్చుకుపోతారు," అంది సాబి పొయ్యి దగ్గర్నించే. "నువ్వూ నేనూ బట బాబు గుమ్మంలో రొయ్యల తలలు తుంపుకుంటూ బతుకుదాం. గురుమాకేం, చదువుకున్న మనిషి. ఈ బడి కాకపోతే ఇంకో బడి. మీ నాన్న పోతే ఇంకో నాన్న దొరుకుతాడా నీకు?"

"నువ్వూరుకో," అన్నాడు ధ్రువ.

"నేనెందుకు ఊరుకోవాలి? దానికి గురుమా అంటే దేవత. కన్నవాళ్ళేమో కడుపు మాడ్చుకునేవాళ్ళు."

ఊరికీ బడి ఉన్న పక్క లంకకీ మధ్య కాలవలాంటి పాయ ఉంది. ఈ యేడు రొయ్యల వ్యాపారి బట బాబు తన ఘేరీని, అంటే రొయ్యల్ని పెంచే వల కంచెని, ఆ పాయకడ్డంగా జరిపాడు. వెదురు గుంజలు పాతి వాటికి వల కట్టించాడు. సర్కారు పడవలకి కనబడకూడదని గుంజల తలల్ని నీటికి జానెడు కిందికి కోయించాడు. పాతిందీ కోసిందీ ధ్రువ. పిల్లల నావ పోవడానికి ఒక సందు మాత్రం వదిలి, గుర్తుగా ఒక గుంజని పొడుగ్గా ఉంచి దానికి ఎర్ర పేలిక కట్టాడు. నావ మునిగిన రోజు పొద్దున్న బట బాబు మనుషులు ఆ గుంజని కూడా కోసేశారు. సాయంత్రం నావ నిండా పిల్లలతో, ఎండ కళ్ళలోకి కొడుతుంటే, ధ్రువ ఎర్ర పేలిక కోసం వెతుకుతూ గెడ వేస్తున్నాడు.

ఝునూకి పటపటమని నావ చెక్క విరిగిన చప్పుడు గుర్తుంది. నీళ్ళు నోట్లోకి రావడం గుర్తుంది. టుకునా, చంపీ, తను ఒకరి జుట్టు ఒకరు పట్టుకుని గుంజలకి వేలాడటం గుర్తుంది. వాళ్ళతో చదివే గేల్హీ వాళ్ళలో లేదు. నాన్న మునిగి లేస్తూ, మునిగి లేస్తూ, చివరికి గేల్హీని పైకి తెచ్చేటప్పటికి దాని కాళ్ళకి వల చుట్టుకుని ఉంది, ఊపిరి లేదు. ఆ వలని నాన్న పళ్ళతో కొరికాడు.

"మళ్ళీ చెప్పు," అన్నాడు ధ్రువ.

ఝునూ మళ్ళీ చెప్పింది.

*

మర్నాడు బడికి టుకునా తాత నావలో వెళ్ళారు. పాయలోంచి కాదు, చుట్టూ తిరిగి పెద్ద సరస్సు మీదుగా. నావ కదలబోతుండగా గేల్హీ తల్లి కోకిల వచ్చింది. తల దువ్వుకోలేదు. ఎవర్నీ అడక్కుండా నీళ్ళలోకి దిగి, నావెక్కి, పిల్లల మధ్య కూర్చుంది. ఆవిడ మొగుడు సూరత్‌లో మగ్గాల మీద పని చేస్తున్నాడు. కబురైతే అందింది, మనిషి ఇంకా దార్లోనే ఉన్నాడు.

"మావుసీ, ఎక్కడికి?" అంది చంపీ. చంపీకి మాట ఆగదు.

"మీ గురుమాని చూడ్డానికి."

ఎప్పుడూ నావలో గేల్హీ కూర్చునే చోటు ముక్కు దగ్గర. నీళ్ళలో చెయ్యి పెట్టి చేపల్ని పిలిచేది, అవేవో దాని మేనత్త పిల్లలైనట్టు. ఇప్పుడక్కడ కోకిల కూర్చుంది. పిల్లలు కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక కాళ్ళ దగ్గర ఊరుతున్న నీళ్ళు తోడారు. తోడ్డానికి అంత నీళ్ళు కూడా లేవు.

సుకాంతి గురుమా బడి వరండాలో నిలబడి ఉంది. చేతిలో చాక్‌పీసు. పిల్లల్ని చూసి రెండడుగులు ముందుకేసింది, వాళ్ళ వెనక కోకిలని చూసి ఆగిపోయింది.

"దీదీ..." అంది.

"నన్ను దీదీ అనకు." కోకిల వరండా కిందే నిలబడింది. "నా పిల్లేం చేసింది నీకు? పొద్దున్న లేస్తే గురుమా, పడుకుంటే గురుమా. నువ్విచ్చిన రిబ్బను తప్ప కట్టేది కాదు. అంత గాల్లో ఎలా తోసేశావే దాన్ని? అంత తొందరేమొచ్చింది నీకు? గట్టుమీద నీ చుట్టాలెవరు చచ్చారు?"

"గాలా?" అంది గురుమా.

ఆ ఒక్క మాటే అంది. తర్వాత పిల్లలకేసి చూసింది. టుకునా చొక్కా గుండీ తిప్పుకుంటున్నాడు. చంపీ ఆకాశంలోకి చూస్తోంది. ఝునూ తన కాళ్ళు చూసుకుంటోంది. గురుమా చూపు తన నెత్తి మీద నిలబడటం దానికి తెలుస్తూనే ఉంది.

"నీ కొండల్లో నీకు పిల్లలు దొరకలేదా? మా నీళ్ళలోకి ఎందుకొచ్చావే?" కోకిల గొంతు విరిగింది. వంగి పిడికెడు ఇసక తీసి విసిరింది. అది గురుమా చీర కుచ్చిళ్ళ దాకా కూడా పోలేదు, మధ్యలోనే రాలిపోయింది. గురుమా వెనక్కి జరగలేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. మళ్ళీ విసిరితే తగలాలన్నట్టు ఒకడుగు ముందుకొచ్చింది. కోకిల మళ్ళీ విసరలేదు. టుకునా తాత వచ్చి ఆవిణ్ణి భుజం పట్టుకుని నావ దగ్గరికి తీసుకుపోయాడు.

ఆ రోజు పాఠం మహానది గురించి. గురుమా బోర్డు మీద నది గీసింది. ఎప్పుడూ ఒక్క గీతలో కటక్ దాకా తీసుకుపోయే మనిషి, మధ్యలో ఆపి, చెరిపి, మళ్ళీ గీసింది. టుకునా వంకర మాటలు ఆడలేదు. గురుమా "ఇక్కడేముంది?" అని వేలు పెట్టి అడిగితే అందరూ పుస్తకాల్లోకి తలలు దించారు. నాలుగు రోజుల కిందటైతే గేల్హీ లేచి, "అక్కడ మీ చెయ్యుంది గురుమా" అనేది, అందరూ విరగబడి నవ్వేవారు, గురుమా కూడా.

మధ్యాహ్నం భోజనాలయ్యాక గురుమా అందర్నీ పంపించేసింది. బోర్డు తుడిచే వంతు ఝునూది. అది తుడవడం ఎంత సాగదీసినా చివరికి అయిపోయింది. గుడ్డ దులిపి కిటికీలో పెట్టి వెనక్కి తిరిగేసరికి గురుమా పిల్లల బెంచీ మీద కూర్చుని ఉంది. పెద్ద మనిషి చిన్న బెంచీ మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డం దాకా వస్తాయి.

గురుమాది ఢెంకానాల్ కొండ ప్రాంతం. వచ్చిన కొత్తలో నావెక్కాలంటే కళ్ళు మూసుకునేది. ఎండుచేప వాసనకి ముక్కు మీద కొంగు పెట్టుకునేది. పిల్లలు జాలిపడి ఆవిడకి పాఠం మొదలెట్టారు. ఆదివారాలు నడుముకి తాడు కట్టి లోతు లేని చోట నీళ్ళలోకి దింపేవారు. తాడు గేల్హీ చేతిలో. "కాళ్ళు కొట్టండి గురుమా, మాటలు కాదు, కాళ్ళు!" అని అచ్చం గురుమా లాగే గద్దించేది. తాడు లేకుండా తేలిన రోజున ఆవిడకి పాస్ మార్కులు వేసి, మరమరాలు పంచారు.

"ఝునూ," అంది గురుమా.

"ఊఁ."

"ఆ రోజు గంట కొట్టాక నేను బయటికొచ్చి చూశాను కదా. జెండా కర్రకి కట్టిన తాడు కూడా కదల్లేదు. నేనట్లాగే చూశాను కదా?" ఆవిడ గోళ్ళతో బెంచీ అంచు గోకుతోంది. "ఊరంతా గాలి అంటున్నారు. టుకునా తాత కూడా గాలనే అన్నాడు. మీ నాన్న కూడా అదే అంటున్నాడట. పొద్దుటినుంచీ అదే ఆలోచిస్తున్నా. గాలి ఉండి నేను చూసుకోలేదేమో? నీళ్ళ సంగతి నాకేం తెలుసు, కొండ మనిషిని. ఉందేమో. నేనే పంపేశానేమో దాన్ని."

ఝునూ నోరు తెరిచింది. గురుమా దానికేసి చూస్తోంది. ఆ కళ్ళలో అడగడం లేదు, బతిమాలడం ఉంది. బడిలో పెద్దవాళ్ళెవరూ ఝునూకేసి అలా చూడలేదు ఎప్పుడూ. దానికి భయమేసింది.

"నావ వెళ్ళిపోతుంది గురుమా," అంది, బయటికి పరిగెత్తింది.

*

విచారణకి అధికారి బట బాబు మోటారు పడవలోనే వచ్చాడు. భోజనం కూడా బట బాబు ఇంట్లోనే అయిందని, పీతల కూర వండారని చంపీ వార్త మోసుకొచ్చింది. బడి వరండాలో కుర్చీలు వేశారు. అధికారి పక్కన గుమాస్తా, ఆ పక్కన బట బాబు. తెల్ల చొక్కా వేసుకున్నాడు బట బాబు. నుదుట గంధం బొట్టు. చనిపోయిన పిల్ల గురించి మాటొచ్చినప్పుడల్లా నాలుక చప్పరించి తల అడ్డంగా ఊపుతున్నాడు. ఊరి మగాళ్ళు కింద నిలబడ్డారు. ధ్రువ స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. గురుమాకి కుర్చీ వెయ్యలేదు. ఆవిడ తలుపు దగ్గర నిలబడింది. కోకిల రాలేదు.

ముందు ధ్రువని అడిగారు. గాలి అన్నాడు. ఆగుదామన్నాను అన్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని చెప్పాడు.

తర్వాత టుకునా. వాడు ఒక్క గుక్కలో అప్పజెప్పేశాడు, ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగలేదు. గుమాస్తా "మెల్లిగా చెప్పరా బాబూ, రైలు బండిలా పోతున్నావు" అన్నాడు. కొందరు నవ్వారు.

చంపీ నేర్పినదానికి తన సొంతం కూడా చేర్చింది. "అబ్బో, ఎంత గాలనుకున్నారు! మా ఇంటి కప్పు మీది గడ్డి ఎగిరిపోయింది. మేక కూడా పడిపోయింది." చెప్తున్నంతసేపూ ఉషారుగానే ఉంది. అయ్యాక గురుమా వైపు చూసింది, చూసి మొహం వాడిపోయింది, పరిగెత్తుకెళ్ళి టుకునా వెనక నక్కింది.

"నువ్వు?" అన్నాడు అధికారి.

ఝునూ మెట్టెక్కింది. దానికి గోడ కావాలి, చూస్తూ అప్పజెప్పడానికి. గోడ ఉండాల్సిన చోట తలుపుంది, తలుపులో గురుమా ఉంది. ఆవిడ కూడా ఎదురుచూస్తోంది, తను చేసిన నేరమేమిటో తనకి ఎవరైనా చెప్తే తెలుసుకుందామన్నట్టు.

"ఆ రోజు..." అంది ఝునూ.

"ఊఁ. ఆ రోజు?"

"ఆ రోజు గాలి లేదు."

గుమాస్తా కలం ఎత్తాడు. కింద మగాళ్ళలో ఎవరో దగ్గారు.

"గాలి లేదు," అంది ఝునూ మళ్ళీ, ఈసారి గురుమాతో. "జెండా తాడు కదల్లేదు. మీరు రోజూలాగే గంట కొట్టి పంపారు. నీళ్ళ కింద గుంజ ఉంది. అది తగిలింది."

గురుమా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడవలేదు. భుజాలు మాత్రం కిందికి దిగాయి, మోస్తున్నదేదో ఎవరో దింపినట్టు.

"గుంజేమిటి?" అన్నాడు అధికారి బట బాబు వైపు తిరిగి.

"సరస్సన్నాక గుంజలుంటాయి సార్," బట బాబు నవ్వాడు. "చేపలో ముల్లున్నట్టే. ఎవడో ఎప్పుడో పాతి వదిలేసినవి." ఝునూకేసి ముందుకి వంగాడు. గొంతులో తేనె. "చెప్పమ్మా. చూశానంటున్నావుగా. ఆ గుంజ ఎవరు పాతారు? నేను పాతానా?"

ఝునూ గౌను అంచు వేలికి చుట్టుకుంది.

"నేను నీళ్ళలోకి దిగగా ఎప్పుడన్నా చూశావా? లేదు కదా. మరి ఎవరు దిగారు? ఎవరి చేతిలో సమ్మెట ఉంది? పేరు చెప్పు. సారు రాసుకుంటారు."

ఝునూ స్తంభం వైపు చూసింది. నాన్న దానికేసి చూడటం లేదు. స్తంభానికి సున్నం పెచ్చు లేచిన చోట వేలు పెట్టి దాన్ని ఊడదీస్తున్నాడు. ఊళ్ళో ఎవరికి తెలీదు, ఎవరు పాతారో. ఒక్క మాట. ఆ మాట అనకుండానే ఝునూ మెట్టు దిగింది.

"చూశారా," అన్నాడు బట బాబు వెనక్కి ఆనుకుంటూ. "పసిపిల్ల. బెదిరిపోయింది పాపం. స్నేహితురాలు కళ్ళముందు పోయింది కదా. ఏదేదో కలవరిస్తోంది."

అధికారి గడియారం చూసుకున్నాడు. గుమాస్తాతో, "అది వద్దులే," అన్నాడు. గుమాస్తా ఎత్తిన కలం జేబులో పెట్టుకున్నాడు.

*

ఇంటికొచ్చాక కొడతాడనుకుంది ఝునూ. కొట్టలేదు. సాబి పళ్ళెంలో పఖాళ చద్దన్నం పెట్టి, పక్కన కాల్చిన ఎండుచేప పెట్టి అతని ముందుకి తోసింది. అతను అన్నం నీళ్ళలో వేళ్ళు పెట్టి కూర్చున్నాడు.

"తిను," అంది సాబి. "నీ కూతురు నిన్ను అమ్మేయబోయింది కానీ అమ్మలేదుగా. బేరం కుదర్లేదు. తిను."

"అది నా పేరు చెప్పలేదు," అన్నాడు ధ్రువ.

"చెప్పలేదనేగా నేనూ అనేది."

"చెప్పలేదు," అన్నాడు మళ్ళీ. చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

గురుమాని తీసేశారని తెల్లారి తెలిసింది. మధ్యాహ్నం లోపల వెళ్ళిపొమ్మన్నారట. బట బాబు, పిల్లలెవరూ రేవుకి పోకూడదని ఇంటింటికీ మనిషిని పంపాడు. అంచేత బగకుదా పిల్లలు రేవుకి పోలేదు. ఊరి చివర, వలలు ఆరేసే గట్టు వెనక దాక్కున్నారు. అక్కణ్ణించి పెద్ద సరస్సు మీద పోయే పడవలు కనబడతాయి.

పాయ మూసుకుపోవడంతో గురుమా పడవ చుట్టూ తిరిగే రావాలి. వచ్చింది. రేకుపెట్టె, పరుపుచుట్ట, పుస్తకాల మూట. గురుమా మధ్యలో కూర్చుని ఉంది, రెండు చేతులూ అంచుల మీద. కళ్ళు మూసుకుని లేదు.

"ఇటు చూడటంలేదురా," అంది చంపీ.

"చూస్తే మనం దాక్కోవాలి," అన్నాడు టుకునా. "బట బాబు మనిషి రేవులోనే ఉన్నాడు."

"నేను మేక పడిపోయిందన్నాను," అంది చంపీ. "మాకు మేకే లేదు." అని బావురుమంది. ఏడుస్తూనే గట్టు దిగి, వలల కిందనుంచి దూరి, నడుం లోతు నీళ్ళలోకి పరిగెత్తింది. "గురుమా! గాలి లేదు! గురుమా, గాలి లేదు!" అని అరిచింది. పడవ దూరంలో ఉంది. వినబడిందో లేదో తెలీదు. గురుమా తల తిప్పలేదు. పడవ చిన్నదైపోయి, చుక్కయిపోయి, నీటి కోళ్ళ గుంపులో కలిసిపోయింది.

టుకునా వెళ్ళి చంపీని జబ్బ పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. ముగ్గురూ తడి ఇసకలో కూర్చున్నారు. ఎవరి కాళ్ళకేసి వాళ్ళు చూసుకుంటూ.

అప్పుడు ఝునూకి నాన్న కనబడ్డాడు. టుకునా తాత నావ తీసుకుని పాయ వైపు పోతున్నాడు. నావలో తాడుచుట్ట, సమ్మెట, గునపం ఉన్నాయి. బట బాబు పనిలోకి పోతున్నాడు అనుకుంది. గురుమా పడవ కనుమరుగైన కాసేపటికే. దానికి నాన్న మీద అసహ్యం పుట్టుకొచ్చింది, ముందెన్నడూ లేనిది. మొహం తిప్పుకుంది.

"మీ నాన్న ఏం చేస్తున్నాడు?" అన్నాడు టుకునా.

"గుంజలు పాతుతుంటాడు. ఇంకేం చేస్తాడు?"

"పాతడం కాదే. చూడు."

ముగ్గురూ పాయ ఒడ్డుకి పరిగెత్తారు.

ధ్రువ నావని గునపానికి కట్టి నిలిపాడు. రొమ్ము లోతు నీళ్ళలో నిలబడి, ఊపిరి బిగించి మునిగాడు. గుంజ మెడకి తాడు బిగించి పైకొచ్చాడు. తాడు కొస నావ మీద అడ్డంగా పెట్టిన గెడకి చుట్టి, రెండు చేతులతో గుంజని పట్టుకుని గుండ్రంగా తిప్పడం మొదలెట్టాడు. ఒక్కసారిగా లాగితే రాదు. అడుగున బురద పట్టి పీలుస్తుంది. ఇటు తిప్పాలి, అటు తిప్పాలి, తిప్పితిప్పి బురదకి విసుగు పుట్టించాలి. నల్లటి బుడగలు లేచాయి, కుళ్ళిన నాచు వాసన ఒడ్డు దాకా కొట్టింది. అప్పుడు గెడని భుజానికెత్తుకున్నాడు. గుంజ చప్పుడు చేస్తూ ఊడొచ్చింది. దాన్ని ఒడ్డు మీదికి విసిరేసి, తర్వాతదాని దగ్గరికి నడిచాడు.

పిల్లల్ని చూశాడు. ఇంకో గుంజ పీకాక, "నావ పట్టుకోండి. ఊగుతోంది," అన్నాడు. టుకునా, ఝునూ నీళ్ళలోకి దిగి చెరోవైపు పట్టుకున్నారు. చంపీ ఊళ్ళోకి పరిగెత్తింది. ఎవరికి చెప్పొద్దో కూడా దానికి తెలీదు, ఎదురైన వాళ్ళందరికీ చెప్పింది.

ముందు కొందరు ఆడవాళ్ళు వచ్చారు. తర్వాత సాబి వచ్చింది, రొప్పుతూ, తల బాదుకుంటూ. "నీకు పిచ్చి పట్టిందా? ఎవరి కోసం? ఆవిడెళ్ళిపోయింది కదా! ఇప్పుడు పీకితే ఆవిడొస్తుందా?"

"ఆవిడ రాదు," అన్నాడు ధ్రువ. "రేపు పిల్లలు బడికి ఎలా పోతారు?"

"బట బాబు ఊరుకుంటాడా?"

ధ్రువ ఊపిరి బిగించి మునిగాడు. సాబి ఒడ్డునే కూలబడింది. తిట్టింది, ఏడ్చింది. తర్వాత లేచి, ఒడ్డున అడ్డదిడ్డంగా పడ్డ గుంజల్ని ఒక్కొక్కటే లాగి వరసగా పేర్చింది. పేరుస్తున్నంతసేపూ తిడుతూనే ఉంది.

కోకిల వచ్చేసరికి పాయ సగం ఖాళీ అయింది. జనం పక్కకి తప్పుకున్నారు. ఆవిడ నీళ్ళ అంచున నిలబడి, గుంజల గుట్టని చూసింది, పాయని చూసింది, ధ్రువని చూసింది. అతను నీళ్ళు కారుతూ లేచి నిలబడ్డాడు. అరచేతులు చీరుకుపోయి ఉన్నాయి.

"ఏం చేస్తున్నావు?" అంది.

"గాలి లేదు వదినా," అన్నాడు ధ్రువ. "ఆ గురుమా ఏమీ చెయ్యలేదు. ఇవి నేనే పాతాను. తలలు కోసింది కూడా నేనే. బట బాబు చెప్పాడు, నేను చేశాను. నావ వీటి మీదికి ఎక్కించింది కూడా నేనే. నిన్న అందరి ముందూ అబద్ధం చెప్పాను. సాయంత్రం స్టేషనుకి పోతాను. పోయేలోగా ఇవి తీసేద్దామని."

ఝునూ నావ అంచుని ఎంత గట్టిగా పట్టుకుందంటే చెక్క పేడు అరచేతిలో గుచ్చుకుంది. మావుసీ నాన్నని ఇప్పుడు కొడుతుంది అనుకుంది. కొట్టనీ అనుకుంది. కానీ కోకిల మొహంలో కోపం ఎక్కడా లేదు. కోపం పెట్టుకోడానికి దొరికిన చోటు కూడా ఎవరో లాగేసుకున్నట్టు ఖాళీగా ఉంది.

అడిగింది. "ఏది?"

ధ్రువకి అర్థం కాలేదు.

"నా పిల్ల దేనికి చిక్కుకుంది? ఏ గుంజకి?"

అతను చెయ్యెత్తి చూపించాడు. ఇంకా పీకనిది. నాలుగు బారల దూరంలో, నీళ్ళు కాస్త సుడి తిరుగుతున్న చోట. అంతసేపూ దానికి చుట్టూ ఉన్నవన్నీ తీశాడు కానీ దాని దగ్గరికి పోలేదు. అది ఇప్పుడే గమనించింది ఝునూ.

"దాని మీద చెయ్యి వెయ్యకు," అంది కోకిల.

చీర కుచ్చిళ్ళు ఎత్తి నడుముకి దోపుకుంది. నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళు, నడుము, రొమ్ము. పాదాలతో వెతుక్కుంటూ వెళ్ళి ఆగింది. రెండు చేతులూ నీళ్ళలోకి పెట్టి దాన్ని దొరకబుచ్చుకుంది. గడ్డం నీళ్ళకి ఆనింది. లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది.

"తిప్పు వదినా," అన్నాడు ధ్రువ ఉన్నచోటు నుంచే, వినీవినబడనట్టు. "లాగకు. గుండ్రంగా తిప్పు."

దూరంగా, బట బాబు రేవు వైపు నుంచి మోటారు పడవ ఇంజను మొదలైన చప్పుడు వినిపించింది. ఒడ్డున జనం అటు చూశారు. కోకిల చూడలేదు. పెదాలు బిగించి గుంజని ఇటు తిప్పింది, అటు తిప్పింది. ఆవిడ చుట్టూ నల్లటి బుడగలు లేవడం మొదలెట్టాయి.